కాకిబంగారం

సైదాపురంలో ఇప్పటికీ
వాన వెలిస్తే చాలు
బాటంతా తళతళ.
కాకిబంగారం. ఏరుకుపోతే ఎవరూ కొనరు.
దాని మీదనే నడిచి
ఇంటింటికీ తిరుగుతా నేను,
చంకలో ఓటర్ల జాబితా,
అంగన్‌వాడీ గుడ్ల లెక్క కూడా అదే సంచిలో.

మా జేజి ఆ రేకులు చీల్చే కూలి.
గని పక్క కొట్టంలో గొంతుక్కూచుని
చిన్న కత్తితో
పుస్తకమంత రాయిని పుటలు పుటలుగా విప్పేది.
అక్షరం రాని మనిషి
రోజుకెన్ని పుటలు తిప్పిందో!

ఆమె పేరు దొరసానమ్మ.
అమ్మానాన్న ముద్దుగా పెట్టుకున్న పేరు,
గని కాడ చెల్లలేదు.
"దొరసాని బంగళాలో ఉండాది, కొట్టంలో కాదు"
అని నవ్వి
మస్టరు గుమాస్తా "పోలయ్య ఆడది" అని రాసుకున్నాడు.
పద్నాలుగేళ్ళు
ఆ రాత పక్కనే వేలిముద్ర వేసి కూలి తీసుకుంది.

స్వతంత్రం వచ్చిన నాలుగో ఏట
ఓట్లు రాసే అయ్యవారు వచ్చాడు.
"పేరేందమ్మా?"
మొగుడి పేరు నోట పలక్కూడదు.
తన పేరు చెబితే నవ్వుతారు.
వాకిట్లో నిలబడి చెంగు కొస నమిలింది.
లోపల్నుంచి అత్త అరిచింది:
"పోలయ్య పెళ్ళామని రాసుకోబ్బా, దానికి పేరెందుకు!"

మద్రాసులో అంతకు ముప్పయ్యేళ్ళ ముందే
ఆడవాళ్ళకి ఓటిచ్చారని
నేను చాలా తర్వాత చదువుకున్నాను.
ఆస్తి ఉంటే. పన్ను కడితే.
మా జేజి ఆస్తి ఒక సత్తు తపేలా,
గోళ్ళ సందున కొంచెం మిలమిల.
ఆ చట్టం బంగళా దాకా వచ్చి
ఆగిపోయిందన్నమాట.

ఓట్ల రోజు
చెంగమ్మ, మస్తానమ్మ, జేజి
తలకి ఆముదం పెట్టుకుని
చీకటితో బయల్దేరారు.
బడి వాకిట్లో పేర్లు చదువుతున్నారు.
వీళ్ళ వంతు వచ్చేసరికి
కాయితం మీద ఎర్రగీత.
"పేరు లేనోళ్ళని పైనుంచే కొట్టేశారమ్మా.
పెళ్ళాం అన్నది పేరు కాదంట."

తిరిగొచ్చే దారిలో మస్తానమ్మ ఏడ్చింది.
చెంగమ్మ అయ్యవారిని తిట్టింది,
అత్తలందరినీ కలిపి తిట్టింది.
జేజి ఏమీ అనలేదట.
వాగు దాటాక ఆగి
ఎన్నేళ్ళుగానో ఎవరూ పిలవని పేరుతో
తననే తాను పిలుచుకుందట, గట్టిగా:
"దొరసానమ్మా!"
"ఆ" అని పలికిందట కూడా.

మళ్ళా ఓట్లు వచ్చేదాకా ఆగలేదు.
ఒకరోజు కూలి పోగొట్టుకుని
రాపూరు కచేరీకి పోయింది.
అక్కడి గుమాస్తా కూడా నవ్వాడు.
"నవ్వడం అయినాక రాయి సామీ" అని
నేల మీద కూచుంది.
మొదటి గడిలో దొరసానమ్మ.
పోలయ్య రెండో గడిలో.

సిరా చుక్క పెట్టేవాడు
వేలు అటు తిప్పి ఇటు తిప్పి చూశాడట
అంత మెరుపు మీద నలుపు ఆనదేమోనని.
ఆనింది.

"ఓటేస్తే ఏమొచ్చింది జేజీ?"
అనేదాన్ని చిన్నప్పుడు.
"బోరింగొచ్చింది."
"తర్వాత?"
"చెడిపోయింది."
"మరి?"
"మళ్ళా ఏశా."

సారా కొట్టు మీదకి ఆడోళ్ళు గుంపుగా పోయిన ఏడు
డెబ్బయికి దగ్గరపడ్డ మనిషి
ముందు వరసలో కూచుంది.
కొట్టువాడు "ఎవురు నువ్వు" అంటే
రొంటిన దోపుకున్న ఓటరు చీటీ తీసి చూపించిందట.
అది అక్కడ దేనికి పనికొస్తుందో
మాకెవరికీ తెలియదు.
వాడు మాత్రం ఒక అడుగు వెనక్కి వేశాడు.

నిన్న కొత్త కాలనీలో
తలుపు తీసిన పిల్లకి ఇరవై ఉంటాయి.
"పేరేందమ్మా?"
లోపల్నుంచి మగ గొంతు బదులు చెప్పింది.
నేను రాసుకోలేదు.
పెన్ను మూసి
గుమ్మంలో, ఎండలో, అట్లాగే నిలబడ్డాను.
ఆ పిల్ల నోరు తెరిచేదాకా
నాకింకో పని లేదు.