తల ఊపడం

బుధవారపేటలో మేడ మీద
ట్యాంకు నీడ ఎటు జరిగితే అటు
మా కుర్చీలు జరుగుతాయి.
నాలుగు కుర్చీలు, ఒక బోర్లించిన పెయింటు బకెట్టు.
బకెట్టు నాది.

వచ్చే మంగళవారం బెంగళూరులో
ఎనిమిది మందిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెడతారట.
మేం మాట్లాడుకుంటుంటే
గోడవారన ఇద్దరు రాసుకుంటారట.
ఏం రాస్తారో ఎవరికీ తెలీదు.

"ముందు నోరు తెరిచినోళ్ళకే మార్కులు" అంటాడు మద్దిలేటి.
"కాదు, అడ్డం పడకుండా విన్నోళ్ళకి" అంటుంది షంషాద్.
అప్పట్నుంచీ మద్దిలేటి
వినడంలోనూ ముందుండాలని చూస్తాడు:
గడ్డం కింద రెండు వేళ్ళు,
మూడు మాటలకొకసారి తల.

నేనూ నేర్చుకున్నాను.
రాత్రి అద్దం ముందు తల ఊపుతుంటే
"ఏమ్మే, బేరం కుదిరిందా?" అంది మా చిన్నమ్మ.

ఈరోజు చీటీలో
"సైకాలజీనే ఎందుకు?"
జవాబులు అందరి దగ్గరా ఉన్నాయి, ఇస్త్రీ చేసి.
పరిమళ జవాబులో సమాజం నాలుగుసార్లు వచ్చింది.
నా జవాబులో కర్నూలు పెద్దాసుపత్రి ఉంది,
రెండేళ్ళు ఓపీ చీటీల కిటికీ వెనక కూర్చున్నాను కదా.
"ఏం జబ్బు?" అంటే
"నిద్ర పట్టదు తల్లీ" అని గొంతు తగ్గించేవాళ్ళు,
వెనక వరసకి వినబడకుండా.
ఆ మాట ఎన్నిసార్లు చెప్పి చూసుకున్నానో,
గొంతు ఎక్కడ తగ్గాలో ఇప్పుడు నాకు బాగా తెలుసు.
సిగ్గుగా ఉంది.

సుంకన్న వంతు.
చీటీ మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.
"మా అన్న సంవత్సరం పాటు మాట్లాడలేదు" అన్నాడు.
అంతే.

కింద గ్యాసు బండి వచ్చి పోయింది.
మద్దిలేటి వేళ్ళు గడ్డం కింద నుంచి ఎప్పుడు దిగాయో.
ఎవరి తలా ఊగలేదు.
ఎండ నా మోకాళ్ళ మీదికెక్కింది,
జరగాలని తోచలేదు.

చాలాసేపటికి మద్దిలేటే అడిగాడు, ఇంటి మాటలో:
"ఇప్పుడు మాట్లాడ్తాండాడా?"
"అన్నం పెట్టమంటాడు. ఇంగేం అనడు."
"ఎవురిని అడుగుతాడు?"
"నన్నే."

మార్కులు వేసే వంతు పరిమళది.
సుంకన్న పేరు పక్కన పెన్ను ఆగిన చోట
సిరా చుక్క పెద్దదవుతోంది.
"ఎంత వేయాలబ్బా?" అంది.
షంషాద్ ఒడిలో స్టాప్‌వాచీ ఆపింది.
ఇరవై రెండు నిమిషాలు.
మంగళవారం మనిషికి రెండు నిమిషాలే.

నేను బకెట్టుని నీడలోకి లాక్కున్నాను.