నీలిమందు లెక్క

అందరూ పైకి చూశారు.
మా బావ దిక్సూచి పట్టుకుని ఈశాన్యం వెతికాడు.
బ్యాంకు మనిషి గోడమీద వేలితో కొట్టి
"పాతదే గానీ గట్టిది" అన్నాడు.
నేను మాత్రం వెనక బాత్రూంలో
బకెట్ నీళ్లలో నీలిమందు కలిపాను.

వారాసిగూడలో పిండిగిర్ని పక్క సందు.
నూట పది గజాలు, తొంభై రెండు లక్షలు.
"ముప్పై ఏళ్లలో ఎన్నడూ పొంగలేదమ్మా" అన్నారు
కోదండపాణి గారు మూడుసార్లు.
అడక్కుండానే మూడుసార్లు.

గేటు దగ్గర చాంబర్ మూత లేపి
గొంతుక్కూర్చున్నాడు బుగ్గయ్య.
"పొయ్యక్కా."
పోశాను.
లోపల నేను, బయట అతను,
ఒకే అంకెలు లెక్కపెట్టాం.
ఇరవైకి రావాలట.
ఇరవై. నలభై. తొంభై.
ఎవరింట్లోనో కుక్కర్ మూడో కూత.
నూట ముప్పైకి వచ్చింది నీలం,
వచ్చిందనడానికీ లేదు,
ఉతికిన తెల్లచొక్కా అంచున మిగిలేంత.

మిగతాది ఏది?

సంచిలోంచి తీగ తీశాడు, తీగ చివర కన్ను.
ఫోను తెరమీద భూమి కడుపు కనపడింది.
చీనామట్టి గొట్టం, అతుకు దగ్గర నోరు తెరిచి,
ఆ నోట్లో సన్నటి వేళ్లు,
ఎవరో జడ విప్పుకుని నీళ్లలో నానబెట్టుకున్నట్టు.
తలెత్తితే తెలిసింది ఎవరి జడో.
ప్రహరీకి అవతల మనోరంజని గారి కరివేపాకు,
డాబా దాటి, నల్లగా నిగనిగలాడుతూ.
"చేత్తో చెంబెడు నీళ్లు పోసిన పాపాన పోలేదు,
ఎట్లా పెరిగిందో చూడు!
రెమ్మలు కావాలంటే మొహమాటపడకు."

కరెంటు బిల్లు వెనకవైపు లెక్క మొదలైంది.
ప్లాస్టిక్ గొట్టం నలభై ఆరు అడుగులు.
తవ్వకం. కొత్త చాంబర్లు రెండు.
వాకిట్లో నాపరాళ్లు లేపి మళ్లీ పరచడం,
"రెండన్నా పగుల్తయి, అవి మీ ఖాతా."
సందులో సిమెంటు రోడ్డు కోసినందుకు కట్టే డబ్బు,
జలమండలి కాగితం,
ఆ కాగితం బల్ల మారడానికి చాయ్‌లు.
లక్షా పద్దెనిమిది వేల దగ్గర ఊపిరి పీల్చుకున్నాడు.
దాని కింద అడ్డంగా గీత,
గీత పక్కన ఏమీ లేదు.
"ఇదేంది?"
"తవ్వినంక తెలిసేది. ఈడ మట్టి జానెడే.
కింద బండ తగిల్తే బండ రేటు."

సందు చివర పెద్ద మ్యాన్‌హోల్ పూడిపోయింది,
అది తెరవకపోతే కొత్త గొట్టం ఉన్నా లేనట్టే.
"మిషన్‌కి తొమ్మిది వేలు."
"మనిషైతే?"
అడిగింది మా బావ, నేను కాదు.
నేనూ అడిగేదాన్నేమో, ఆయన ముందు అడిగాడు.

బుగ్గయ్య పెన్నుకి మూత పెట్టాడు.
"ఆ రేటు నాకు ఎరికే సార్.
మా చిన్నాయన దిగిన దినం రేటు.
రాయ."

కాసేపు పిండిగిర్ని చప్పుడొక్కటే.

కోదండపాణి గారు బిల్లుని దూరంగా పెట్టి చదివారు,
దగ్గరగా పెట్టి చదివారు,
తిప్పి కరెంటు ఎంతొచ్చిందో కూడా చూశారు.
"మరి ఇన్నేళ్లూ ఎటు పోయినట్టమ్మా?" అన్నారు,
నన్ను కాదు, నాపరాళ్లని.
అబద్ధమాడారని అప్పటిదాకా అనుకున్నాను,
అప్పుడు మాత్రం అనుకోలేకపోయాను.
ఎనభై వేలు తగ్గించారు.
ఆ ఖాళీని చెరి సగం అనుకున్నాం,
దేనిలో సగమో ఇద్దరికీ తెలియకుండానే.

టోకెన్ కాగితం మీద నా వేలిది
చిన్న నీలి మచ్చ పడింది.
పద్మారావునగర్ మలుపు దాకా
చీర కొంగుకి తుడుస్తూనే ఉన్నాను.

సాయంత్రం చారు పోపులో వేశాను
ఆవిడ చేతిలో పెట్టి పంపిన రెమ్మల్ని.
నూనెలో చిటపటమన్నాక గానీ గుర్తు రాలేదు.
గరిటె పట్టుకుని నిలబడ్డాను.
ఇల్లంతా వాసన.
ఎంత మంచి వాసనో.