సుమారు

కర్నూలు రోడ్డులో మా షెడ్డు ముందుకి
పొద్దున్నే ఒక ఎర్ర కారు వచ్చి ఆగింది.
అద్దాల మీద చీమకుర్తి రాతి పొడి.
దిగిన కుర్రాడు కొత్త టర్బోని
తువ్వాల్లో చుట్టి రెండు చేతులా పట్టుకొచ్చాడు.

"ఇది పెట్టాలన్నా. ఇంటర్‌కూలరు పెద్దది. పైపు మొత్తం మార్చాలి.
క్లచ్చి కూడా.
లేబరు ఎన్ని గంటలవుద్ది?"

కంపెనీ పుస్తకం ఉంది. టర్బోకి ఆరు గంటల ఇరవై నిమిషాలంట.
ఆ పుస్తకం రాసినవాడికి కొత్త కారు, ఏసీ గది,
గోడకి వరసగా వేలాడే స్పానర్లు.
కొత్తపట్నం ఉప్పుగాలి వాడికి తెలీదు.
మానిఫోల్డు వెనక, చెయ్యి దూరని సందులో
తుప్పు కరుచుకుని కూర్చున్న మూడో స్టడ్డు తెలీదు.

మా కాలేషా మేస్త్రీని ఎస్టిమేటు అడిగితే
బానెట్టు ఎత్తేవాడు కాదు.
కారు కిందికి వంగి, ఒక నట్టుని తడిమి,
ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకునేవాడు.
"రేపు మాపిటికి" అనేవాడు, లేదా
"ఎల్లుండి రా అబ్బయ్యా."
గంటల్లో ఎప్పుడూ చెప్పలా.
పన్నెండేళ్ళు ఆయన పక్కన ఉన్నా,
ఒక్కసారే తప్పాడు. ఆరోజు ఆయనకి జ్వరం.

నాకు చేతికి గడియారం ఉంది. బిల్లుబుక్కు ఉంది.
కార్బన్ కాగితం సర్ది రాస్తున్నా:
టర్బో, ఎనిమిది.
ఇంటర్‌కూలరు, రెండున్నర. బంపరు ఊడదీస్తే క్లిప్పులు విరుగుతాయి,
సరే, మూడు.
పైపు, రెండు. క్లచ్చికి గేరుబాక్సు దించాల, ఆరు.
కొన్ని పనులు ఒకదాని కడుపులో ఒకటుంటాయి,
ఒకసారి విప్పినదానికి రెండుసార్లు డబ్బు అడగకూడదు.
రెండు తీసేశా.
పదిహేడు.

"పదిహేడా! మద్రాసులో పదన్నారే."
"పదిలోనూ అవుద్ది, ఏ బోల్టూ అలగకపోతే."

ఇక రాయనివి ఉన్నాయి.
చెంచయ్య టార్చి పట్టుకుని మెడ వాల్చిన గంటలు.
ఎటో దొర్లిపోయిన పదో నంబరు సాకెట్టు కోసం
ఇద్దరం నేల మీద పాకినవి.
వేడి దిగేదాకా ఇంజను పక్కన ఊరికే కూర్చోవడం,
అదీ పనే, చూసేవాడికి మాత్రం కూర్చున్నట్టే ఉంటది.
రాత్రి అన్నంలో చెయ్యి పెట్టి
ఆయిలు లైను ఎటునించి తిప్పాలా అని
ఆగిపోయిన ముద్ద,
దాన్ని ఏ గడిలో వెయ్యాల?

మూడో స్టడ్డు విరిగింది.
విరుగుద్దని తెలుసు. అయినా ఆ చిన్న చప్పుడుకి
షెడ్డంతా చేతులాపింది.
వెల్డింగు చుక్క పెట్టి, దానికో నట్టు అతికించి,
కొవ్వొత్తి మైనం కరిగించి పోసి,
బతిమాలి, తిట్టి, మళ్ళీ బతిమాలితే
సాయంత్రం ఐదింటికి తిరిగింది, పావు చుట్టు.
చెంచయ్య ఈల వేశాడు.

మొత్తం ఇరవైరెండు. బిల్లు మీద పదిహేడే.
చెప్పింది చెప్పినట్టే.

వారానికి కుర్రాడు మళ్ళీ వచ్చి ఫోను చూపించాడు:
"వంద అందుకోడానికి సెకనున్నర తగ్గిందన్నా,
టంగుటూరు టోల్‌గేటు దాటాక!"
"ఆడ గేదెలు అడ్డమొస్తాయి, చూసుకో" అన్నా.
సెకనున్నర.
ఇరవైరెండు గంటలు పోసి వాడి చేతిలో పెట్టిన సెకనున్నర.
నవ్వొచ్చింది. కొంచెం పొగరు కూడా వచ్చింది.

ఇయ్యాల ఇంకొకాయన, కందుకూరు నించి. తెల్ల కారు, అదే టర్బో.
పెన్ను చెవిలో దోపి కిందికి వంగాను.
నట్టు తడిమి, వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నా.
ఉప్పు లేదు. చేలో మట్టి,
దూరంగా, పొగాకు బ్యారన్ల వాసన.

"ఎన్ని గంటలు?"

పదిహేను అని రాశా. రాసి, దాని ముందు
'సుమారు' అని పెట్టా,
కింది కాగితం మీద కూడా పడేలా
గట్టిగా ఒత్తి.