రెండు వేల రెండు వందల దగ్గర

గవర్నర్‌పేట సందులోంచి కాలేషా వచ్చాడు,
చంకలో రెండో ఆంప్లిఫయరు,
వెనకాల టార్చిలైటు పట్టుకుని కూతురు నజ్మా.

వచ్చీ రాగానే స్పీకరు పెట్టెని వెల్లకిలా పడుకోబెట్టి
ఎనిమిది మరలు విప్పి
రాగి చుట్టలూ కెపాసిటర్లూ
చేపకడుపు శుభ్రం చేసినట్టు బయటికి లాగాడు.
పందొమ్మిదేళ్ళ నా పాటల పేగులు
న్యూస్‌పేపరు మీద.

"తప్పంతా ఇక్కడే ఉంది సార్.
ఒక్కడి చేతే బరువంతా మోయించి
గుమ్మం దాకా వచ్చాక పంచుకోమంటే
కొంత బలం ఈ చుట్టల్లోనే వేడెక్కి పోద్ది.
ముందే పంచాలి. సన్నగా ఉన్నప్పుడే పంచాలి."

అర్థమైంది, నాకు తెలిసిన లెక్కలో.
బ్యారేజీ దగ్గరే విడిపోతుంది కదా కృష్ణ,
ఏలూరు కాలవకో తలుపు, బందరు కాలవకో తలుపు.
పొలం గట్టు మీద తలలు పగలగొట్టుకుని
పంచుకునే నీళ్ళు కావవి.

టీ చల్లారేలోపు అమర్చేశాడు.
అరచెయ్యంత క్రాసోవరు, నాలుగు మీటలు,
రెండు వేల రెండు వందల దగ్గర గీత.
గీత కిందివి ఒక ఆంప్లిఫయరుకి, పైవి ఇంకోదానికి.
చిన్న స్పీకరు తీగకి మాత్రం ఒక కెపాసిటరు ఉంచాడు.
"స్విచ్చి వెయ్యగానే ఠప్‌మంటే
ప్రాణం పోయేది దీనికే. పసిది."

పాత హరికథ క్యాసెట్టు పెట్టాం.
మృదంగం ఎడమ మూత
గచ్చులోంచి మడమల్లోకి ఎక్కింది.
ఇన్నేళ్ళూ దుప్పటి ముసుగేసుకున్నవాడెవడో
లేచి కూర్చున్నాడు.

"పైవి ఎంత కావాలో మీరే తిప్పుకోండి."
తిప్పాను.
చిడతలేవీ? దాసుగారి కాలి గజ్జెలేవీ?
ఇంకా తిప్పాను. ఇంకా.

నజ్మా రెండు చెవులూ మూసుకుంది.
"తాతా, సూదులు!"

ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో
టర్బైను పక్కన ఇరవై తొమ్మిదేళ్ళ షిఫ్టులు.
చెవుల్లో దూది పెట్టుకుంటే నామోషీ ఆ రోజుల్లో.
గొల్లపూడి మీదుగా ఇంటికొస్తూ
ఊళ్ళో పిచికలు కరువయ్యాయనుకున్నాను.
పిచికలకేం, ఉన్నాయి.

కాలేషా ఏమీ అనలేదు.
సోల్డరింగ్ కడ్డీ కొనని తడి స్పాంజికి అద్దాడు.
పొగ కనపడింది నాకు. చుయ్‌మనడం వినపడలేదు.

మీట పిల్ల చేతికిచ్చాను,
నీకు బాగున్నచోట ఆపమ్మా అని.
నాలిక కొస పళ్ళ మధ్య బిగించి
వెనక్కి, ఇంకాస్త వెనక్కి,
గడియారంలో పదకొండు ఉండేచోట ఆపింది.
కాలేషా ఎర్ర స్కెచ్ పెన్నుతో అక్కడ చుక్క పెట్టాడు.
కింది మీట నేనే తిప్పుకున్నాను,
అరచెయ్యి పెట్టెకి ఆనించి.

రాత్రిపూట, ఓల్టేజీ నిలకడగా ఉన్నప్పుడు వింటాను.
పైవాటి ఆంప్లిఫయరు మీద చెయ్యేస్తే
గోరువెచ్చగా ఉంటుంది.
పనిచేస్తోందన్నమాట.

మొన్న పాలపాకెట్ల కుర్రాడు
గుమ్మంలో ఓ నిమిషం ఆగిపోయాడు.
"గజ్జెలు భలే మోగుతున్నాయండీ" అన్నాడు.

సైకిలు స్టాండు వెయ్యమన్నాను.
"ఎలా మోగుతున్నాయి?
కాస్త వివరంగా చెప్పు."