అరిగిన మీట

ఏలూరు రోడ్డు మేడమీద మా డీటీపీ గదిలో
కరెంటు పోయిందంటే యూపీయస్ కీచుమనేది.
ఆ పది నిమిషాల్లోనే ఎవరిదో శుభలేఖ ఒడ్డెక్కాలి.

జోజిబాబు గారు ట్యాబ్లెట్ తెచ్చారు,
పలకంత. బల్ల అక్కర్లేదు, తీగ అక్కర్లేదు.
కంకిపాడు బస్సులో నిలబడే ప్రూఫులు దిద్దేస్తున్నా;
మొన్న కండక్టరు నా భుజం మీంచి
ఒక అచ్చుతప్పు పట్టుకున్నాడు కూడా.

బాగుంది. కాదనను.
మూడొందల పేజీల పుస్తకం కొట్టమంటేనే
అద్దం మీద వేలికి ఆనిక దొరకదు,
'లక్ష్మి' దగ్గరే జారిపోతుంది.

రాత్రి, గుడ్డ కప్పిన పాత పెట్టెని లేపాను.
ఓసారి తుమ్మి, గుర్రుమని, తీరిగ్గా కళ్ళు తెరిచింది.
కీబోర్డు మీద ఒక మీట నున్నగా అరిగిపోయి ఉంది,
అక్షరం ఎప్పుడో నా వేలికే అంటుకుపోయింది.
చూడకుండా నొక్కాను:

ళ.