నీలం పెన్సిలు

నాకిచ్చిన పెట్టెలో
ఎర్ర పెన్సిలు వేలెడైంది.
గోధుమరంగు సగం అరిగింది.
నీలం మాత్రం
కొన్ననాటి పొడవుతో
చెక్కని ముక్కుతో పడుకొని ఉంది.

అనంతపురం భూగర్భజలాల ఆఫీసులో
పదకొండేళ్లుగా పటాలు గీస్తున్నాను.
మా లెక్కలో ఏరు ఊరికే నీలం కాదు.
నీళ్లుంటేనే నీలం,
లేకుంటే నల్లగీత.
పెన్నకు రెండు నల్ల ఒడ్లు,
మధ్యలో ఇసుక చుక్కలు.
కొత్తగా చేరిన పిల్ల అడిగింది
"అక్కా, ఇది రోడ్డా?"
ఎండాకాలం లారీలు పోతాయి కాబట్టి
పూర్తిగా తప్పనలేకపోయినాను.

మార్చిలో
కంబదూరు అవతల ఊటబావులపల్లికి పోయినాను.
ఊట లేదు. బావులున్నాయి,
వాటిలో తుమ్మచెట్లు, తెగిన చెప్పులు, పావురాలు.
కొలగొలుసులు రాకముందే
ఎవరో నోటితో గీసిన పటం ఆ పేరు.
నీళ్లు పోయినాయి గానీ
దాని మీద రబ్బరు పనిచెయ్యలేదు.

కుల్లాయప్ప పరిశీలన బోరు మూత తీసి
టేపు వదిలినాడు.
టేపు పోతానే ఉంది.
వేలంపాట మాదిరి అరుస్తాడు
"ముప్పై... నలభై... నలభై ఏడు మీటర్లు!"
చుట్టూ చేరినోళ్లు
ఎవరో పెద్దమొత్తానికి పాడుకున్నట్టు
"అబ్బా" అన్నారు.
పైకొచ్చిన టేపు చివరి తడిని
హొన్నూరక్క వేళ్లతో తుడిచి
మెడకు రాసుకుంది.

బండ మీద పటం పరిచి
నాలుగు మూలలా రాళ్లు పెట్టినాను.
"మా చేను యాడుంది?"
చూపించినాను.
ఆమె చెప్పేకొద్దీ ఎర్రచుక్కలు పెట్టినాను.
పెండ్లైన ఏడు వేసింది.
కమ్మలమ్మి వేసింది.
అరచేతిలో టెంకాయ నిలబడిందని వేసింది.
మరిది వేసినాడని, పోటీకి వేసింది.
ఈమె చేన్లో ఎనిమిది,
మరిది చేన్లో పదకొండు.

"మా ఇద్దరికీ నడమ గట్టు యాడబ్బా?"
"గట్టు పైనేనక్కా. కింద లేదు.
కింద ఒకటే కుండ.
చెంబులు పంతొమ్మిది."

చాలాసేపు మాట్లాడలేదు.
మరిదితో మాటల్లేక ఆరేళ్లంట,
తర్వాత కుల్లాయప్ప చెప్పినాడు.

గోధుమరంగు గీతల మీద వేలుపెట్టి
"ఇవేంది?" అంది.
ఒకే ఎత్తుండే చోట్లన్నీ కలిపే గీతలన్నాను.
దగ్గరగా ఉంటే గుట్ట, ఎడంగా ఉంటే చేను.
"అట్లయితే నీళ్లు వీటికి అడ్డంపడి దిగుతాయి."
నాకు రెండేళ్లు పట్టిన పాఠం
గొర్రెలు తోలిన మనిషికి
ఒక చూపు.

"ఈ పటం యాడ పెడ్తావు?"
"ఆఫీసు బీరువాలో."
"బీరువాకు దప్పికైతాదా?"

ఇంకో ప్రతి గీసి
మైదాపిండి ఉడకేసి
పిండిమర గోడకు అతికించి వచ్చినాను.

జూలైలో మళ్లీ పోతే
పటం మీద రాగిపిండి, జొన్నపిండి,
వాటి మీద బొగ్గు అంకెలు.
ఎన్ని పైపులు దించిందీ
రోజుకెన్ని గంటలు పోసిందీ
నిజమో అబద్ధమో, ఎవరిది వాళ్లే రాసుకున్నారు.
ఒకచోట ఎవరో గోటితో గీరేసినారు,
కాగితం చినిగి గోడ కనిపించేంత.
తన లెక్క పదిమందికి తెలియడం
ఇష్టం లేనోడై ఉంటాడు.
మరాయన కొత్తది అతికించమన్నాడు.
వద్దు, ఇట్లే ఉండనియ్యన్నాను.
బీరువాలో ఉన్న పటం మీద
ఇంతవరకూ ఎవరూ కోప్పడలేదు.

హొన్నూరక్క చేనుకూ మరిది చేనుకూ మధ్య
నేను గీయని గట్టు
బొగ్గుతో గీసి ఉంది.
దాన్ని మళ్లీ ఎవరో
అరచేత్తో తుడిచినారు.
పూర్తిగా పోలేదు.

ఎవరని అడగలేదు.
కళ్యాణదుర్గం బస్సులో కిటికీ పక్కన కూర్చొని
నీలం పెన్సిలు తీసి
చెక్కినాను.
ఊరికే.