జీడిపిక్క వారం

ఆదివారం రాత్రి. కరెంటు పోయి వచ్చింది.
కాంప్లెక్స్ మీటింగులో ఇచ్చిన కాగితం ముందుంది.
నిలువు గీతలు నాలుగు, అడ్డగీతలు ఆరు.
పైన అచ్చులో: సమీకృత పాఠ్య ప్రణాళిక, ఒకటి రెండు తరగతులు.
ఇతివృత్తం అన్న చోట వరసగా చుక్కలు.

పోయినసారి ఆ చుక్కల మీద ఏనుగు అని రాశాను.
తెలుగులో ఒక పూట, లెక్కల్లో ఒక పూట నడిపించాను దాన్ని.
పిల్లలు మర్యాదగానే చూశారు,
దారి తప్పి ఇంటికొచ్చిన
పై ఊరి చుట్టాన్ని చూసినట్టు.

కిటికీ తీస్తే కాశీబుగ్గ వైపు నుంచి వాసన,
గొంతులో గీరుకునే పొగ.
మా బడికి రోజూ హాజరవుతుంది ఇది,
రిజిస్టరులో పేరు లేదు, అంతే.

రాశాను: జీడిపిక్క.

తెలుగు గడి తనంతట తనే నిండింది.
జీ-కి గుడిదీర్ఘం, డి-కి గుడి,
క కింద ఇంకో క, చెట్టుకి వేలాడినట్టు.
సోమవారం పొద్దున్నే తవిటినాయుడు పొడుపు విసిరాడు:
"బిడ్డ ముందు పుట్టినాది, అమ్మ తరవాత పుట్టినాది, ఏటది?"
పిక్క ముందు కాస్తుందనీ, పండు తర్వాత ఉబ్బుతుందనీ
నాకు ఆ రోజే తెలిసింది.
పరిసరాల విజ్ఞానం గడిలో వాడి పేరు రాసుకున్నాను.

లెక్కలకి గుండు ఒకటి, విడదీస్తే బద్దలు రెండు.
రెండు బద్దలు కలిపితే మళ్లీ గుండు అవుతుందా?
జస్వంత్ కాస్త ఆలోచించి,
"అవుతాది గానీ రేటు రాదండీ" అన్నాడు.
పాఠ్యపుస్తకంలో ఆ జవాబుకి మార్కులు లేవు.
నేను వేశాను.

బుధవారం వాన. ఏమీ జరగలేదు.
తిత్లీకి కూలిన తోటల సంగతి
ఇంట్లో అడిగి రమ్మంటే
ముగ్గురే అడిగారు, అందులో ఇద్దరు మరిచిపోయారు.

కళ గడి సులువనుకున్నాను.
బొటనవేలు ఎర్రరంగులో అద్దితే పండు,
చిటికెనవేలు బూడిదరంగులో అద్దితే పిక్క.
ఖర్చు లేదు, కత్తెర లేదు.
అమ్మ వేలు కూడా అద్దించుకు రండి అన్నాను,
రెండు ముద్రల్లో గీతలు పోల్చి చూద్దామని.

శుక్రవారం ఢిల్లేశ్వరి కాగితం చివరిదాకా చూపించలేదు.
గంట కొట్టాక, సంచీ సర్దుతూ, బల్ల మీద పెట్టింది.
ఒక పక్క సుడులు తిరిగిన చిన్న వేలు.
పక్కనే ఎర్రటి మచ్చ, పెద్దది, నున్నటిది.

"మాయమ్మ ఏలికి గీతలు నేవు టీచరమ్మా.
పిక్క సొన తినీసినాదట.
రేషను మిషను కూడా నువ్వెవులంటాది."

ఏ గడి ఇది?
చర్మం, కనక పరిసరాలా?
రోజుకి ఎన్ని కిలోలు ఒలిస్తే ఎన్నేళ్లకి
వేలు నున్నబడుతుందో, కనక లెక్కలా?
నేను గీతల మీద వేలు పెట్టి అటూ ఇటూ జరిపాను.

"అమ్మ పేరేంటి?"
"లోలాక్షి."
క్ష మూడో తరగతి అక్షరం.
ఆ సాయంత్రం బోర్డు మీద అదే రాశాను,
ఢిల్లేశ్వరి నాలుగుసార్లు తప్పు రాసింది,
ఐదోసారి క బొజ్జలోంచి ష బయటికొచ్చింది.
ఇంటికెళ్లి నేర్పుతానంది.
మిషను సంతకం అడగదని
తనకీ తెలుసు, నాకూ తెలుసు.

సాధించిన ఫలితం అన్న గడి ఖాళీగానే పంపాను.
మంగళవారం కాగితం తిరిగొచ్చింది.
పూరించండి అని ఆ గడి చుట్టూ
ఎర్ర పెన్సిలుతో సున్న చుట్టారు హెచ్చెమ్ గారు.

చాలాసేపు చూశాను.
లోలాక్షి వేలిముద్రలాగే ఉంది,
లోపల ఒక్క గీత కూడా లేకుండా.